నడిస్తే ఆక్సిజన్ పడిపోతోందా? ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకూ, ఇంట్లో వాళ్లకూ సమగ్ర మార్గదర్శి

కుర్చీలో కూర్చుని, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి పెడితే 95. స్నానం చేసి బయటికి వచ్చి పెడితే 84. గాలి గొట్టాలు ఇరుకైపోయే సీఓపీడీ ఉన్నవాళ్ల ఇళ్లలో, ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఐఎల్‌డీ జబ్బులు ఉన్నవాళ్ల ఇళ్లలో ఈ తేడా మామూలే. కానీ చాలామంది రీడింగ్ చూసేది పొద్దున్నే కాఫీ తాగుతూ, కదలకుండా కూర్చున్నప్పుడు. అంకె బాగుంటుంది. ఆయాసం వయసు వల్లే అనుకుని వదిలేస్తారు. కొన్ని ఇళ్లలో దీనికి పూర్తిగా ఎదురు. నడుస్తున్నప్పుడు ఒక్కసారి 87 కనబడగానే హడలిపోయి పెద్దాయన్ని మంచం దిగనివ్వరు. రెండూ నష్టమే, రెండోది ఇంకా పెద్ద నష్టమని నా అభిప్రాయం. కదలకపోతే కాళ్లలో కండ కరిగిపోతుంది. ఆ తర్వాత నాలుగు అడుగులు వేయడానికి కూడా ముందుకంటే ఎక్కువ ఆక్సిజన్ కావాలి.

కాబట్టి చేయాల్సింది నడకలో ఎంత పడుతోందో సరిగ్గా కొలవడం, కొలిచాక నడక మానకుండా దాన్ని అదుపులో పెట్టుకోవడం. ఇక్కడ రాసినవన్నీ జబ్బు నిలకడగా ఉన్న రోజులకు వర్తిస్తాయి. జ్వరం, కొత్తగా పెరిగిన దగ్గు, రంగు మారిన కఫం ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మిగతావి తర్వాత.

అసలు ఎందుకు పడుతుంది

ఊపిరితిత్తిలో ఒక్కో గాలి గది గోడను ఆనుకుని సన్నటి రక్తనాళం పోతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఎర్ర రక్తకణం అక్కడ దాదాపు ముప్పావు సెకను ఉంటుంది. గట్టిగా శ్రమ చేస్తే రక్తం వేగం పెరిగి ఆ సమయం పావు సెకను దాకా తగ్గుతుంది. స్టేషన్‌లో రైలు ఆగే టైమ్ తగ్గించారనుకోండి. తలుపులు వెడల్పుగా ఉంటే అందరూ ఎక్కేస్తారు, ఇరుకుగా ఉంటే సగం మంది ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతారు. ఐఎల్‌డీలో గాలి గది గోడ మందమెక్కి ఆ ఇరుకు వస్తుంది. అందుకే వాళ్లకు ఆక్సిజన్ తొందరగా, లోతుగా పడిపోతుంది.

సీఓపీడీలో సంగతి కొంచెం వేరు. గాలి వెళ్లేచోటికి రక్తం చాలదు, రక్తం వెళ్లేచోటికి గాలి చాలదు. పైగా లోపలి గాలి పూర్తిగా బయటికి పోకముందే మళ్లీ పీల్చాల్సి వస్తుంది కాబట్టి ఛాతీలో గాలి నిండిపోయి బిగుసుకుంటుంది. ఈ బిగువు వల్ల ఆక్సిజన్ 94 ఉన్నా మనిషి రొప్పుతాడు. అంటే ఆయాసాన్ని బట్టి ఆక్సిజన్‌ను ఊహించలేం, ఆక్సిజన్‌ను బట్టి ఆయాసాన్నీ ఊహించలేం. రెండూ విడివిడిగా చూసుకోవాల్సిందే.

బీడీ, చుట్ట అలవాటు ఉన్నవాళ్లు, కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకుని ఏళ్లు గడిపిన ఆడవాళ్లు, రాతి క్రషర్లలో పనిచేసి సిలికోసిస్ తెచ్చుకున్నవాళ్లు, టీబీ నయమైనా ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలినవాళ్లు అందరూ ఈ కోవలోకి వస్తారు. ఇంకో సంగతి. 2017లో వెలువడిన భారత ఐఎల్‌డీ రిజిస్ట్రీలో 1084 మంది రోగులను చూస్తే, దాదాపు సగం మందికి ఉన్నది పీల్చిన దుమ్మూధూళి, బూజు, పక్షుల రెట్టల లాంటివి పడక వచ్చే జబ్బు. ఆ సగంలో మళ్లీ దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ వాడేవాళ్లే. బాల్కనీలో పావురాలు, గడ్డికి బూజు పట్టిన కూలర్ ఉంటే ముందు వాటి సంగతి చూడండి. కారణం ఇంట్లోనే కూర్చుని ఉంటే నడకలూ మందులూ సగమే పనిచేస్తాయి.

మొదటి పని: మీటర్‌ను నమ్మదగ్గదిగా చేసుకోవడం

వేలు చల్లగా ఉంటే రీడింగ్ తప్పు వస్తుంది, అరచేతులు రుద్దుకుని వెచ్చబరచండి. గోళ్లకు రంగు ఉంటే తీసేయండి. ముదురుగా పండిన గోరింటాకు ఉంటే అది లేని వేలికి పెట్టండి. మీటర్ పెట్టగానే కనిపించే అంకెను రాసుకోవద్దు. పక్కన ఎగిరిపడే గీత లేదా అల ఒకే లయలో కదులుతోందా చూడండి, అది నిలకడగా ఉండి అంకె కొన్ని సెకన్లు మారకుండా ఉంటేనే లెక్కలోకి తీసుకోండి. మీటర్‌లో కనిపించే నాడి వేగాన్ని మణికట్టు దగ్గర వేలితో లెక్కపెట్టి పోల్చండి. రెండూ బాగా తేడాగా ఉంటే ఆ ఆక్సిజన్ అంకెను నమ్మకూడదు.

రెండు విషయాలు చాలామందికి ఎవరూ చెప్పరు. ఒకటి, అప్పుడే బీడీ కాల్చి వచ్చిన మనిషికి మీటర్ నిజానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే చదువుతుంది. రెండు, చర్మం ముదురు రంగులో ఉన్నవాళ్లకు కూడా ఎక్కువ చూపించే అవకాశం ఉంది. 2020లో అమెరికాలో జరిగిన పరిశీలనలో మీటర్ బాగుందన్నా రక్తపరీక్షలో ఆక్సిజన్ తక్కువగా తేలడం తెల్లవాళ్లకంటే నల్లజాతివాళ్లలో దాదాపు మూడు రెట్లు కనిపించింది. అందుకని ఇంటి మీటర్‌లో 90, 91 చూసి గట్టున పడ్డామనుకోవద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మీ మీటర్ కూడా తీసుకెళ్లి అక్కడి మీటర్ పక్కన పెట్టి చూడండి. కీలక నిర్ణయాలకు ముంజేతి ధమనిలోంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షే ఆధారం.

రెండో పని: కూర్చున్నప్పటి అంకె

పది నిమిషాలు కదలకుండా కూర్చుని, మాట్లాడకుండా, రీడింగ్ తీసుకోండి. ఒక వారం పాటు రోజూ ఒకే వేళకు రాసుకుంటే మీ మామూలు అంకె ఎంతో తెలుస్తుంది. ఒకాయనకు 96 మామూలు, ఇంకొకాయనకు 91 మామూలు. ఆ మామూలు తెలియకపోతే రేపు 90 కనిపించినప్పుడు కంగారు పడాలో వద్దో తెలియదు.

మూడో పని: కదిలినప్పటి అంకె

దీనికి అసలైన పరీక్ష ఆరు నిమిషాల నడక పరీక్ష. ఆస్పత్రి వరండాలో 30 మీటర్ల దూరం గుర్తులు పెట్టి, ఆరు నిమిషాల్లో మీ శక్తి మేరకు ఎంత దూరం నడవగలరో చూస్తారు. పరీక్ష పొడవునా మీటర్ వేలికే ఉండాలి. కొన్ని చోట్ల మొదట ఒకసారి, చివర ఒకసారి మాత్రమే చూసి పంపించేస్తారు. అలా చేస్తే మధ్యలో తాకిన అట్టడుగు అంకె తప్పిపోతుంది, మనకు కావాల్సింది అదే. కాబట్టి ‘నడిచేటప్పుడు అన్నిటికంటే తక్కువ ఎంత వచ్చింది?’ అని మొహమాటం లేకుండా అడిగి రాయించుకోండి.

ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి మీద వండిన ఒక పెద్దావిడ ఇలాంటి వరండాలో నడవడం దగ్గరుండి చూశాను. రెండో రౌండు తిరిగేసరికి అంకె 93 నుంచి 89కి, మళ్లీ 85కి దిగింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు, కొంగు బిగించి ‘నాకేం లేదు బాబూ, ఇంకో రౌండు వేస్తాను’ అంటోంది. ఆగి గోడకు ఆనుకున్న తర్వాత కూడా అర నిమిషం పాటు అంకె ఇంకా దిగి 82 దగ్గర నిలబడింది, అప్పుడు మెల్లగా ఎక్కింది. వేలి దాకా రక్తం చేరడానికి కొంత టైమ్ పడుతుంది, మీటర్ కూడా కొన్ని సెకన్ల సగటు చూపిస్తుంది. అందుకే ఆగిన తర్వాత కనీసం ఒక నిమిషం పాటు మీటర్ తీయకూడదు.

ఆస్పత్రి దూరమైతే ఇంట్లో ఒక నిమిషం కుర్చీ పరీక్ష చేయవచ్చు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. చేతులతో నెట్టుకోకుండా, ఒక నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో మీ వేగంలోనే చేయండి. పక్కన ఒక మనిషి ఉండాలి, మీటర్ వేలికి ఉండాలి. నిమిషం అయ్యాక ఇంకో రెండు నిమిషాలు అంకెను గమనించి అట్టడుగు ఎంతో రాసుకోండి. మళ్లీ మామూలుకు రావడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాయండి.

గత నెలలో గుండెపోటు వచ్చినా, ఛాతీ నొప్పి ఉన్నా, కూర్చున్నప్పుడే నాడి 120 దాటినా, బీపీ 180 మీద ఉన్నా, ఆక్సిజన్ 92 కంటే తక్కువ ఉన్నా ఇంట్లో ఈ పరీక్ష వద్దు. పరీక్ష మధ్యలో తల తిరిగినా, ఛాతీ పట్టేసినా వెంటనే ఆపాలి. ఆస్పత్రిలో 80 కంటే తగ్గితే ఆపేస్తారు. ఇంట్లో అంత దూరం వెళ్లకండి, 85 కనిపించగానే కూర్చోండి.

నాలుగో పని: అంకెను అర్థం చేసుకోవడం

మామూలు కంటే 4 పాయింట్లు, అంతకు మించి పడి, 90 కంటే కిందికి వెళ్తే నడకలో ఆక్సిజన్ నిజంగా పడుతున్నట్టే లెక్క. 97 నుంచి 93కి రావడం గమనించాల్సిందే కానీ గాబరా పడాల్సింది కాదు. 90 దగ్గర ఎందుకంత పట్టింపు అంటే, రక్తంలో ఆక్సిజన్ పీడనం 60కి దగ్గరగా ఉన్నప్పుడు మీటర్ 90 చూపిస్తుంది. అక్కడి దాకా పీడనం తగ్గినా అంకె నెమ్మదిగానే తగ్గుతుంది, ఆ కింద మాత్రం పీడనం కాస్త తగ్గినా అంకె గబగబా జారిపోతుంది.

అంకె బాగున్నా ఆయాసం ఎక్కువగా ఉంటే రక్తహీనత ఉందేమో చూడండి. హిమోగ్లోబిన్ 7 ఉన్న మనిషికి కూడా మీటర్ 97 చూపించగలదు. ఉన్న కణాలన్నీ నిండాయనే అది చెబుతుంది, కణాలు ఎన్ని ఉన్నాయో దానికి తెలియదు.

ఐదో పని: నడుస్తుండగా పడితే ఆ నిమిషంలో ఏం చేయాలి

88కి వచ్చిందంటే వేగం తగ్గించండి. ఇంకా దిగుతుంటే ఆగండి. నిలబడే మోకాళ్ల మీదో, బల్ల మీదో, చేతికర్ర మీదో రెండు చేతులూ ఆనించి కొంచెం ముందుకు వంగండి. భుజాలు వదిలేయండి. ముక్కుతో రెండు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఈల వేసేటప్పుడు ముడిచినట్టు పెదవులు ముడిచి నాలుగు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి. గట్టిగా ఊదేయకూడదు, గాలి దానంతట అదే పోవాలి. సీఓపీడీ వాళ్లకు ఇది చాలా బాగా పనిచేస్తుంది, ఛాతీలో బిగుసుకున్న గాలి బయటికి పోతుంది. ఐఎల్‌డీ వాళ్లకు అంత గొప్ప గుణం ఉండకపోవచ్చు, వాళ్లకు ఆగడమూ వేగం తగ్గించడమే ముఖ్యం. అంకె మళ్లీ 90 దాటాక నడక మొదలుపెట్టండి, ఈసారి ముందుకంటే నెమ్మదిగా.

బరువు ఎత్తేటప్పుడు, వంగేటప్పుడు, మెట్టు ఎక్కేటప్పుడు ఊపిరి బిగబట్టడం చాలామందికి అలవాటు. శ్రమపడే క్షణంలో గాలి వదలాలి. మెట్టు ఎక్కుతూ వదలండి, నిలబడి పీల్చండి.

ఆరో పని: నడకను కట్టిపెట్టకుండా కట్టుదిట్టం చేసుకోవడం

మొదట మందులు సరిచూసుకోండి. ఇన్‌హేలర్ వాడుతున్నా గుణం లేదనే వాళ్లలో చాలామంది దాన్ని సరిగ్గా పీల్చడం లేదు. డాక్టర్ ముందో, ఫిజియోథెరపిస్ట్ ముందో ఒకసారి వాడి చూపించండి. వెంటనే పనిచేసే ఇన్‌హేలర్ డాక్టర్ రాసి ఉంటే, నడకకు పది పదిహేను నిమిషాల ముందు తీసుకోవచ్చేమో అడగండి.

నడకను ముక్కలు చేయండి. ఒకటి రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం విశ్రాంతి, మళ్లీ నడక. మొదటి వారం మొత్తం పది నిమిషాలు నడిచినా చాలు, మెల్లగా ఇరవై, ముప్పై నిమిషాలకు తీసుకెళ్లండి. ఆయాసాన్ని సున్నా నుంచి పది వరకు కొలిస్తే నాలుగు దగ్గర ఉండాలి. అంటే చిన్న చిన్న మాటలు మాట్లాడగలరు, పాట పాడలేరు. వారంలో కనీసం మూడు రోజులు నడవండి. మిగతా రోజుల్లో కుర్చీలోంచి లేవడం, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులు ఎత్తడం లాంటివి చేయండి. తొడ కండ బలపడితే అదే దూరానికి ఆయాసం తగ్గుతుంది, ఊపిరితిత్తి బాగుపడకపోయినా సరే. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లలో పల్మనరీ రీహాబిలిటేషన్ (ఊపిరితిత్తుల రోగులకు పర్యవేక్షణలో వ్యాయామం నేర్పే కార్యక్రమం) గురించి ఛాతీ డాక్టర్‌ను అడగండి. ఆక్సిజన్ పడిపోయేవాళ్లు మొదటి కొన్ని వారాలైనా ఎవరో ఒకరి పర్యవేక్షణలో మొదలుపెట్టడం మంచిది.

తిన్న వెంటనే నడవొద్దు. ఎండ ముదిరాక, చలికాలంలో పొగమంచు ఉన్నప్పుడు బయట నడవొద్దు, వరండాలోనో హాల్లోనో నడవండి.

ఏడో పని: ఆక్సిజన్ పెట్టుకోవాలా

ఇక్కడే డబ్బు ఎక్కువ ఖర్చవుతుంది, అపోహలూ ఎక్కువే. కూర్చున్నప్పుడే ఆక్సిజన్ బాగా తక్కువ ఉన్న సీఓపీడీ రోగులు రోజుకు 15 గంటలు, అంతకు మించి ఆక్సిజన్ పెట్టుకుంటే ఎక్కువ కాలం బతుకుతారని 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. రక్తంలో ఆక్సిజన్ పీడనం 55, అంతకంటే తక్కువ ఉన్నవాళ్ల మాట ఇది. కూర్చున్నప్పుడు పర్వాలేకుండా ఉండి, నడిస్తేనే ఓ మోస్తరుగా పడేవాళ్ల సంగతి వేరు. 2016లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో ఇలాంటి సీఓపీడీ రోగులు 738 మందిని పరిశీలించారు. ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్లకూ పెట్టుకోనివాళ్లకూ మరణాల్లో గానీ, ఆస్పత్రి పాలవడంలో గానీ తేడా రాలేదు. 2019లో ఆస్ట్రేలియాలో వారానికి మూడు రోజుల చొప్పున 8 వారాలు వ్యాయామం చేయించి చూస్తే, ఆక్సిజన్‌తో చేసినవాళ్లూ మామూలు గాలితో చేసినవాళ్లూ సమానంగా మెరుగయ్యారు. పర్యవేక్షణలో చేసిన వ్యాయామమే గుణం ఇచ్చింది.

ఐఎల్‌డీలో మాత్రం 2018లో బ్రిటన్ పరిశోధన ఒకటి, నడకలో ఆక్సిజన్ పెట్టుకుంటే ఆయాసం తగ్గి రోజువారీ బతుకు మెరుగైందని చూపించింది. 2020లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ మార్గదర్శకాలు నడకలో తీవ్రంగా పడిపోయేవాళ్లకు, సీఓపీడీ అయినా ఐఎల్‌డీ అయినా, తీసుకెళ్లగలిగే ఆక్సిజన్ ఇవ్వవచ్చని సూచించాయి. కాబట్టి ‘నడిస్తే 88 వచ్చింది’ అనగానే అప్పుచేసి మెషీన్ కొనకండి. ఆక్సిజన్ పెట్టి ఒకసారి, పెట్టకుండా ఒకసారి నడిపించి చూడమని అడగండి. దూరం పెరిగిందా, ఆయాసం తగ్గిందా అన్నది కళ్లముందే తెలుస్తుంది. ఎన్ని లీటర్లు పెట్టాలో కూడా ఆ నడకలోనే తేలాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి: ఇంట్లో పెట్టే 5 లీటర్ల కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే మెషీన్) ఇచ్చే ఆక్సిజన్ 93 శాతానికి అటూ ఇటూ ఉండాలి, లీటర్లు పెంచినా అది పడిపోకూడదు. చవక మెషీన్లలో కొన్నింటికి లీటర్ల అంకె పెంచేకొద్దీ స్వచ్ఛత తగ్గిపోతుంది. భుజానికి తగిలించుకునే చిన్న మెషీన్లు చాలావరకు పీల్చినప్పుడే కొంచెం కొంచెం వదులుతాయి. వాటి మీద ఉన్న ‘2’ అంటే రెండు లీటర్లని అర్థం కాదు. గబగబా నడిచి ఊపిరి వేగం పెరిగినప్పుడు అది సరిపోకపోవచ్చు. కొనేముందు అదే మెషీన్ పెట్టుకుని, మీటర్ చూస్తూ నడవండి. కరెంటు పోతే అని ఒక చిన్న సిలిండర్ ఉంచుకోండి. సుమారు 1500 లీటర్లు పట్టే బీ టైప్ సిలిండర్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున దాదాపు 12 గంటలు వస్తుంది.

రెండు జాగ్రత్తలు మాత్రం ప్రాణం మీదివి. నడకకు పెంచిన నాబ్‌ను కూర్చోగానే మామూలు స్థాయికి తిప్పేయాలి. ముఖ్యంగా సీఓపీడీలో ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు, పొద్దున్నే తలనొప్పి, తికమక వస్తాయి. కొందరికి డాక్టర్లు 88 నుంచి 92 మధ్యే ఉంచమనేది అందుకే, వాళ్లకు 98 తెప్పించడం మేలు కాదు. రెండోది నిప్పు. ముక్కు గొట్టం పెట్టుకుని పూజగదిలో దీపం వెలిగించడం, అగరుబత్తి ముట్టించడం, గ్యాస్ పొయ్యి దగ్గర నిలబడడం, బీడీ కాల్చడం ఏ పరిస్థితిలోనూ వద్దు. దీపం ఇంట్లో ఇంకొకరు పెడతారు, మీరు దూరం నుంచి దణ్ణం పెట్టుకోండి. గొట్టం ఒరుసుకునే చోట కొబ్బరినూనె, వ్యాజలైన్ రాయకండి, నీటితో కలిసే జెల్ రాయండి.

బాత్‌రూమ్, వంటిల్లు

రోజు మొత్తంలో ఎక్కువగా పడేది స్నానం దగ్గర. చేతులు పైకెత్తి తల రుద్దుకోవడం, వంగి కాళ్లు కడుక్కోవడం, నీళ్లు పోసుకునేటప్పుడు ఊపిరి బిగబట్టడం, తడి ఆవిరి అన్నీ ఒకేసారి మీద పడతాయి. ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని కూర్చుని స్నానం చేయండి. చిన్న చెంబు వాడండి. తలుపుకు గొళ్లెం వేయకండి. తువ్వాలుతో తుడుచుకునే బదులు పెద్ద పొడి గుడ్డ చుట్టుకుని కాసేపు కూర్చోండి, తడి అదే ఆరుతుంది. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డిలో తొడలు పొట్టను నొక్కి ఛాతీ కింద ఊపిరి పీల్చే కండరమైన డయాఫ్రం కదలికకు అడ్డుపడతాయి. పైన పెట్టుకునే కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, ఆక్సిజన్ మెషీన్ కంటే ముందు కొనాల్సింది అదేనని చాలా ఇళ్లకు చెబుతుంటాను. వంటింట్లో కూరగాయలు కూర్చుని తరగండి, తాలింపు ఘాటుకు దూరంగా ఉండండి.

ఆస్పత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు

కూర్చున్నప్పటి అంకె మీ మామూలు కంటే 3, 4 పాయింట్లు తగ్గి అలాగే ఉండిపోతే, విశ్రాంతి తీసుకున్నా 88 దాటకపోతే, పెదవులు నీలంగా మారితే, మాట పూర్తి చేయలేకపోతే, మగతగా తికమకగా ఉంటే 108కి ఫోన్ చేయండి. ఛాతీ నొప్పి, ఒక కాలు వాచడం, ఉన్నట్టుండి ఆయాసం కలిసి వస్తే ఊపిరితిత్తిలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, గంటలు కూడా ఆగొద్దు. రెండు కాళ్లూ సాయంత్రానికి వాస్తుంటే, నడిచే దూరం నెలనెలా తగ్గుతుంటే కుడివైపు గుండె మీద భారం పడుతోందేమో ఎకోతో (గుండె స్కానింగ్‌తో) చూడాలి.

ప్రయాణాలు

మొక్కు ఉంది, తిరుమల మెట్లు ఎక్కాల్సిందే అంటారు చాలామంది. అలిపిరి దారిలో 3550 మెట్లు. నడకలో ఆక్సిజన్ పడే మనిషికి అది తగదు, బస్సులో వెళ్లండి. కొండమీద కూడా నడక తక్కువగా ఉండేలా ముందే చూసుకోండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. విమానం లోపల గాలి పలచన 8000 అడుగుల ఎత్తు దాకా ఉన్నట్టు ఉండవచ్చు. ఇక్కడ కూర్చుని 94 ఉన్నవాళ్లకు అక్కడ సీట్లోనే 80ల్లోకి పడొచ్చు, టాయిలెట్ దాకా నడిస్తే ఇంకా కిందికి వెళ్లొచ్చు. టికెట్ కొనకముందే ఛాతీ డాక్టర్‌కు చూపించి ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించండి. ఆక్సిజన్ అవసరమని తేలితే ఎయిర్‌లైన్ వైద్య ఫారం నింపించి ముందే పంపాలి. సొంత సిలిండర్ విమానంలోకి ఎక్కనివ్వరు, అనుమతి ఉన్న పోర్టబుల్ కాన్సంట్రేటరే తీసుకెళ్లాలి. ఆ మెషీన్‌కు ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు సరిపోయే బ్యాటరీలు దగ్గర పెట్టుకోండి. మధ్యలో విమానం మారే చోట వీల్‌చైర్ కావాలని టికెట్ తీసేటప్పుడే రాయించండి.